కంప్యూటర్ షాపుకి పని తెలిసిన మనుషులు: ఎక్కడ వెతకాలి, ఎలా పరీక్షించాలి, ఎలా నిలుపుకోవాలి

మీరు అడిగింది ఇదీ: మిర్యాలగూడలో షాపు. కొత్త ల్యాప్‌టాప్‌లు, అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లు, ప్రింటర్లు, సర్వీసు. ఏడాదిలో ముగ్గురు మారారు. రెజ్యూమెలో హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్, చిప్ లెవెల్ అన్నీ ఉంటాయి కానీ రిపేరు బల్ల దగ్గర కూర్చోబెడితే ఫార్మాట్ కొట్టడం తప్ప రాదు. ఇప్పుడు ఉద్యోగానికి వచ్చినవాళ్లు ఇద్దరున్నారు. ఒకరికి ఆరేళ్ల అనుభవం, ఇంకొకరు ఈ ఏడాదే ఐటీఐ పాసైన కుర్రాడు. ఎవరిని తీసుకోవాలి?

ఆ ఇద్దరి సంగతి చివర్లో చెబుతాను. ముందు మీ ప్రకటన చూడండి. 'సేల్స్, సర్వీస్, చిప్ లెవెల్, సీసీ కెమెరాలు, ట్యాలీ తెలిసినవారు కావలెను' అని పెట్టారు. ఇవన్నీ నిజంగా తెలిసినవాడికి సొంత షాపే ఉంటుంది, మీ దగ్గరికి రాడు. వచ్చేది అన్నీ తెలుసని రాసుకున్నవాళ్లే. అంటే అబద్ధం రాయక తప్పని ప్రకటన అది.

షాపులో ఉన్నవి నాలుగు రకాల పనులు. కౌంటర్ దగ్గర అమ్మకం ఒకటి. బల్ల మీద కార్డ్ లెవెల్ పని రెండోది: అసెంబ్లింగ్, ఓఎస్ వేయడం, ఎస్ఎస్‌డీ, ర్యామ్, స్క్రీన్, కీబోర్డు, హింజ్ మార్చడం. బోర్డు మీద ఐసీలు (చిప్‌లు) మార్చే చిప్ లెవెల్ మూడోది. బయటికెళ్లే ఫీల్డ్ పని నాలుగోది. మీ సైజు షాపుకి పూర్తికాలం మనుషులు కావాల్సింది మొదటి రెండింటికే. ఫీల్డ్ పనిని బల్ల మనిషి రోజులో ఒక పూట చూసుకోగలడు. చిప్ లెవెల్‌కి మాత్రం జీతం పెట్టి మనిషిని తీసుకునేముందు లెక్క వేయండి. గత ఆరు నెలల జాబ్ షీట్లు (రిపేరుకి తీసుకున్నప్పుడు రాసే కాగితాలు) తీసి, బోర్డు రిపేరు అవసరమైనవి ఎన్నో, అందులో కస్టమర్ ఎస్టిమేట్‌కి ఒప్పుకున్నవి ఎన్నో విడదీయండి. ఒప్పుకున్నవాటి మీద మిగిలే లాభం ఒక నిపుణుడి జీతం కంటే బాగా ఎక్కువగా ఉంటేనే హాట్ ఎయిర్ స్టేషన్ (వేడిగాలితో చిప్ ఊడదీసే పరికరం), మైక్రోస్కోప్, డీసీ పవర్ సప్లై, చిప్‌లోకి ఫైల్ రాసే ప్రోగ్రామర్ పరికరం కొనండి. లేకపోతే బోర్డులు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల చిప్ లెవెల్ చేసేవాళ్లకి పంపడమే మేలు. పంపేముందు బోర్డు రెండు వైపులా ఫొటో తీయండి, సీరియల్ నంబరు రాసుకోండి, ర్యామ్, ఎస్ఎస్‌డీ, వైఫై కార్డు తీసేసి ఒట్టి బోర్డే పంపండి. తిరిగొచ్చిన బోర్డులో ఏ ఐసీ మారిందో ఫొటోతో పోల్చి చూడటం మీ బల్ల మనిషికి మంచి చదువు కూడా.

ఎక్కడ వెతకాలి

బల్ల పనికి ముందు ఐటీఐలు చూడండి. ఏ ట్రేడో చూసి వెతకండి. అందరూ కోపా (కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) చదివినవాళ్లని పిలుస్తారు. అది ఏడాది కోర్సు, అందులో ఆఫీస్ ప్యాకేజీలు, ప్రోగ్రామింగ్ పునాదులే ఎక్కువ. మీకు కావాల్సింది ఏడాది కోర్సు 'కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్' లేదా రెండేళ్ల 'ఐసీటీ సిస్టమ్ మెయింటెనెన్స్' చదివినవాళ్లు. అవి దొరక్కపోతే రెండేళ్ల 'ఎలక్ట్రానిక్స్ మెకానిక్'. నన్నడిగితే ఈ మూడోదే మెరుగు. మల్టీమీటర్ పట్టుకోవడం, సోల్డరింగ్, పవర్ సప్లై ఎలా పనిచేస్తుందో తెలిసిన పిల్లాడికి విండోస్ నేర్పడానికి నెల చాలు. విండోస్ మాత్రమే తెలిసినవాడికి ఓల్టేజి అర్థమయ్యేలా చెప్పడానికి ఏడాది పడుతుంది. పాలిటెక్నిక్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) డిప్లొమా చేసినవాళ్లూ ఈ కోవలోకే వస్తారు.

ఐటీఐకి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ దగ్గర ఆగిపోకుండా ఆ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడండి. 'మార్కులు ఎవరికి ఎక్కువ' అని అడిగితే టాపర్ పేరు చెబుతారు, ఆ టాపర్ పోటీ పరీక్షలకి వెళ్లిపోతాడు. 'ల్యాబ్‌లో పాడైన సిస్టమ్ ఉంటే మీరు ఎవరిని పిలుస్తారు' అని అడగండి. ఆ పేరు మీకు కావాలి.

ఈసీఈ చదివి ఊళ్లోనే ఉండిపోయిన ఆడపిల్లల్ని మన షాపులవాళ్లు అసలు పిలవరు. ఇది మన తప్పే. బల్ల పనికి బరువులెత్తే బలం అక్కర్లేదు, ఓపికా వరసా కావాలి. ఊళ్లోనే కాపురం ఉన్నవాళ్లు హైదరాబాద్ వెళ్లిపోతారన్న భయం కూడా తక్కువ. షాపులో ప్రత్యేకంగా టాయిలెట్, రాత్రి ఏడు దాటకుండా పంపించడం, ఈ రెండూ ఏర్పాటు చేయగలిగితే మీ ఎంపిక రెట్టింపవుతుంది.

అనుభవం ఉన్నవాళ్లు కావాలంటే రెండు దారులున్నాయి. బ్రాండ్ల ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్లలో పనిచేస్తూ సొంత జిల్లాకి తిరిగి రావాలనుకునేవాళ్లు ఒక దారి. వీళ్లకి విప్పడం, బిగించడం, జాబ్ షీట్ క్రమం బాగా వచ్చు. అయితే అక్కడ బోర్డు పోతే బోర్డే మారుస్తారు కాబట్టి చాలామందికి లోతుగా కొలిచే అలవాటు ఉండదు. రెండోది చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబ్లింగ్ బల్లల దగ్గర పనిచేసే మన జిల్లా కుర్రాళ్లు. వీళ్ల చేతివేగం ఎక్కువ. ఇద్దరి సంగతీ అందరికంటే బాగా తెలిసేది మీకు స్టాక్ వేసే డిస్ట్రిబ్యూటర్ సేల్స్ మనిషికి. నెలకి పదుల షాపులు తిరుగుతాడు, ఎవరు ఎక్కడ ఇబ్బందిలో ఉన్నారో అతనికి తెలుసు. అతని చెవిన వేయండి. పక్క వీధి షాపులో మనిషిని మాత్రం లాగకండి. రేపు మీ మనిషినీ అలాగే లాగుతారు. పైగా అర్జెంటుగా ఒక ర్యామ్ కావాల్సి వస్తే ఇచ్చేది ఆ పక్క షాపే.

మొబైల్ రిపేరు చేసేవాళ్లని చిన్నచూపు చూడకండి. హాట్ ఎయిర్ పట్టి ఫోన్ ఛార్జింగ్ ఐసీ మార్చగలిగిన చెయ్యి ల్యాప్‌టాప్ బోర్డుకి త్వరగా అలవాటుపడుతుంది.

కౌంటర్‌కి కంప్యూటర్ చదువు ఉన్నవాళ్లే కావాలని లేదు. డీటీపీ సెంటర్లో, ఫొటో స్టూడియో ఎడిటింగ్‌లో పనిచేసినవాళ్లు బాగా పనికొస్తారు. ర్యామ్ చాలకపోతే ఫొటోషాప్ ఎలా నత్తనడక నడుస్తుందో వాళ్లు అనుభవించారు. అనుభవించినది చెప్పేటప్పుడు కస్టమర్‌కి నమ్మకం కలుగుతుంది.

అప్రెంటిస్‌షిప్ గురించి ఒక మాట. కేంద్రం నడిపే ఎన్ఏపీఎస్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం) కింద నలుగురికి తగ్గకుండా మనుషులున్న సంస్థ అప్రెంటిస్‌ని తీసుకోవచ్చు. 30 మంది, అంతకుమించి ఉన్నవాళ్లకి అది తప్పనిసరి. స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి 1,500 రూపాయలు మించకుండా ప్రభుత్వం భరించేలా పథకం మొదలైంది. నమోదు చేసేరోజు అమలులో ఉన్న రేటు అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో చూసుకోండి. అక్కడ 'ఫీల్డ్ టెక్నీషియన్ – కంప్యూటింగ్ అండ్ పెరిఫెరల్స్' అనే జాబ్ రోల్ మీ పనికి దగ్గరగా ఉంటుంది.

బల్ల మీద పరీక్ష

ఇంటర్వ్యూలో ప్రశ్నలు అడిగితే మాటకారి గెలుస్తాడు. కాబట్టి సగం పూట పరీక్ష పెట్టండి, ఆ సగం పూటకి కూలి ఇవ్వండి. ఎంపికైనా కాకపోయినా ఇవ్వండి. ఉచితంగా పని చేయించుకునే షాపని పేరొస్తే మంచివాళ్లు రారు.

నాలుగు మెషీన్లు ముందురోజు సిద్ధం చేయండి. అన్నీ షాపువే ఉండాలి, కస్టమర్‌వి వద్దు.

మొదటిది 'నో డిస్‌ప్లే' డెస్క్‌టాప్. ఒకేసారి రెండు తప్పులు పెట్టండి: ఒక ర్యామ్ సగం వదులు చేయండి, ఇంటెల్ 12400ఎఫ్ లాంటి ఎఫ్ ప్రాసెసర్ ఉన్న సిస్టమ్‌లో హెచ్‌డీఎంఐ కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి పెట్టండి. ఎఫ్ రకాల్లో లోపల గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి ర్యామ్ సరిచేసినా డిస్‌ప్లే రాదు. ఇక్కడ గమనించాల్సింది వరస. మంచివాడు పెట్టె విప్పకముందే వెనక కేబుళ్లు చూస్తాడు. ఫ్యాన్ తిరుగుతోందా, బీప్ వస్తోందా, బోర్డు మీద డీబగ్ లైట్ ఏది వెలుగుతోందో చూస్తాడు. తర్వాత ఒకే ర్యామ్‌తో ప్రయత్నిస్తాడు, ఒకసారికి ఒక్కటే మారుస్తాడు. రానివాడు ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది, సీమాస్ బ్యాటరీ పీకి, ప్రాసెసర్ కూడా విప్పేస్తాడు. ఒకేసారి మూడు మార్చినవాడికి సిస్టమ్ వచ్చినా ఎందుకొచ్చిందో తెలియదు. అదే కంప్లెయింట్ వారంలో తిరిగొస్తుంది.

రెండోది స్లోగా ఉన్న పాత ల్యాప్‌టాప్. బ్యాడ్ సెక్టార్లు (చదవలేని చోట్లు) పడిన హార్డ్ డిస్క్ వేసి, 'మా అమ్మాయి పెళ్లి ఫొటోలు ఇందులోనే ఉన్నాయి, స్లో తగ్గించండి' అని కస్టమర్‌లా చెప్పండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటిది తెరిచి స్మార్ట్ విలువలు (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు) చూస్తాడా? 05 దగ్గర రీఅలొకేటెడ్, సీ5 దగ్గర పెండింగ్ సెక్టార్లు సున్నా కాకపోతే డిస్కు పోతోందని అర్థం. అప్పుడు చేయాల్సిన మొదటి పని వేరే డిస్కులోకి కాపీ తీయడం, అదీ డీడీరెస్క్యూ లాంటి చెడ్డ చోట్లు దాటుకుంటూ పోయే ప్రోగ్రాంతో. విండోస్‌లోని చెక్ డిస్క్‌ని స్లాష్ ఆర్‌తో నడిపించేవాడిని వెంటనే ఆపండి. అది డిస్కు మొత్తాన్ని పదేపదే చదివిస్తుంది, చావు బతుకుల్లో ఉన్న డిస్కు ఆ దెబ్బకి పూర్తిగా పోతుంది. ఈ ఒక్క పరీక్షలో తప్పినవాడిని, మిగతావన్నీ బాగా చేసినా, ఒంటరిగా బల్ల దగ్గర వదలకూడదు. పోయిన ర్యామ్‌కి డబ్బు కట్టవచ్చు, పోయిన ఫొటోలకి ఏం కడతారు?

మూడోది విండోస్ 11 ల్యాప్‌టాప్, డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని డేటాకి వేసే తాళం) ఆన్‌లో ఉన్నది. 'దీనికి బయాస్ (మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డు చిప్‌లోని ప్రోగ్రాం) అప్‌డేట్ చేయండి' అని చెప్పి చూస్తూ ఉండండి. ఆ తాళం వేసే బిట్‌లాకర్ ఉందో లేదో చూసి, 48 అంకెల రికవరీ కీ కస్టమర్ దగ్గర ఉందా అని అడిగినవాడే నిజంగా ఈ మధ్యకాలంలో పనిచేసినవాడు. 24హెచ్2 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా సెటప్ చేసిన హోమ్ ఎడిషన్లలో కూడా ఎన్‌క్రిప్షన్ తనంతట తనే ఆన్ అవుతోంది. బయాస్ రీసెట్ చేసినా, బోర్డు మార్చినా టీపీఎం (ఆ తాళానికి కాపలా ఉండే చిప్) ఒప్పుకోక కీ అడుగుతుంది. కీ ఎక్కడుంటుంది? మొదట ఏ అకౌంట్‌తో సెటప్ చేశారో అందులో. కొన్ని షాపుల్లో పని త్వరగా అవ్వాలని టెక్నీషియన్లు తమ మెయిల్ ఐడీతోనో, అప్పటికప్పుడు సృష్టించిన ఐడీతోనో సెటప్ చేసి ఇచ్చేస్తారు. రెండేళ్ల తర్వాత కస్టమర్ డేటా మొత్తం ఎవరికీ గుర్తులేని మెయిల్‌లో ఇరుక్కుంటుంది. సెటప్ ఎప్పుడూ కస్టమర్ అకౌంట్‌తో, కస్టమర్ ఎదురుగానే చేయాలి.

నాలుగోది తుక్కు బోర్డు. బాగుచేయమని అడగకండి, కొలిచి చెప్పమనండి. అడాప్టర్ చివర 19 లేదా 19.5 ఓల్టులు వస్తున్నాయా, జాక్ దాటాక వస్తున్నాయా, మొదటి మాస్‌ఫెట్లు (కరెంటుని స్విచ్‌లా వదిలే భాగాలు) దాటాక వస్తున్నాయా? బ్యాటరీ, అడాప్టర్ తీసేశాక మెయిన్ లైన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య రెసిస్టెన్స్ ఎంత, 3.3, 5 ఓల్టుల కాయిల్స్ దగ్గర ఎంత? మీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి పవర్ ఉన్న బోర్డు మీద ప్రోబ్ పెట్టేవాడికి ఇంకా చాలా నేర్పాలి. కొలతలు కాగితం మీద రాసుకుంటూ పోయేవాడిని గుర్తుపెట్టుకోండి. డెల్ పాత గుండ్రటి పిన్ అడాప్టర్ల గురించి ఒక ప్రశ్న వేయండి: '19.5 ఓల్టులు సరిగ్గా వస్తున్నాయి, ల్యాప్‌టాప్ ఆన్ అవుతోంది, కానీ ఛార్జ్ అవదు, పైగా స్లో. ఎందుకు?' మధ్యలో ఉన్న సన్నటి పిన్ అడాప్టర్ ఐడీ పంపుతుంది. అది తెగితే మెషీన్ అడాప్టర్‌ని గుర్తించక ఛార్జింగ్ ఆపి, ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది. ఇది తెలియనివాడు ముందు బ్యాటరీ అమ్ముతాడు, తర్వాత బోర్డు పోయిందంటాడు.

ఇవి కాక ఏదైనా ల్యాప్‌టాప్ వెనక మూత విప్పించి చూడండి. మూత తీయగానే చెయ్యి ముందు బ్యాటరీ కనెక్టర్ మీదికి వెళ్లాలి. బ్యాటరీ ఉండగానే డిస్‌ప్లే కేబుల్ పీకితే బ్యాక్‌లైట్ ఫ్యూజ్ పోవచ్చు. స్క్రూలు విప్పిన చోటు వరసలోనే పెడుతున్నాడా? పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో పడితే టచ్‌ప్యాడో పామ్‌రెస్టో ఉబ్బుతుంది, ఒక్కోసారి బోర్డులో పొర తెగుతుంది. ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే ఏం చేస్తావని అడగండి. ఛార్జింగ్ ఆపి, పదునైన పరికరం వాడకుండా తీసి, ఇసుక ఉన్న ఇనప డబ్బాలో వేరుగా పెడతానన్న జవాబు రావాలి.

చిప్ లెవెల్ వచ్చునని చెప్పేవాడికి ఒకే ప్రశ్న చాలు. 'డబ్ల్యూ25క్యూ64ఎఫ్‌వీ, డబ్ల్యూ25క్యూ64ఎఫ్‌డబ్ల్యూ, ఈ రెండు బయాస్ చిప్‌లకీ తేడా ఏంటి?' మొదటిది 3.3 ఓల్టులది, రెండోది 1.8 ఓల్టులది. మామూలు సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌లో 1.8 అడాప్టర్ లేకుండా రెండోది పెడితే చిప్ పోవచ్చు. తర్వాత, రాసేముందు పాత డంప్ (చిప్‌లో ఉన్నదాని కాపీ) ఎందుకు సేవ్ చేసుకోవాలో అడగండి. మెషీన్ సీరియల్, విండోస్ కీ అందులోనే ఉంటాయి. నెట్‌లో దొరికిన బిన్ ఫైల్ నేరుగా రాస్తే మెషీన్ ఆన్ అవుతుంది కానీ కస్టమర్ కొనుక్కున్న లైసెన్స్ పోతుంది.

లైసెన్స్ మాట వచ్చింది కాబట్టి: 'కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ పాడైతే ఏ కీ వేస్తావు?' అని అందరినీ అడగండి. అదే ఎడిషన్ వేస్తే బయాస్‌లో ఉన్న కీతో తనే యాక్టివేట్ అవుతుందన్నది సరైన జవాబు. 'ప్రో వేసి యాక్టివేటర్ కొట్టేస్తాను సార్' అన్నవాడు కస్టమర్ అసలు హోమ్ లైసెన్స్ వదిలేయించి, దొంగ ప్రోగ్రాంతో పాటు వైరస్ కూడా ఎక్కిస్తాడు. అలవాటుగా చేస్తున్నాడంటే మాన్పించడం కష్టం.

వీటన్నిటికంటే పెద్ద గుర్తు ఒకటి ఉంది. ఏదో ఒకచోట అభ్యర్థికి తెలియని స్థితి వస్తుంది. అప్పుడు 'ఇది నాకు తెలియదు, సర్వీస్ మాన్యువల్ చూస్తాను' అనేవాడిని తీసుకోండి. తెలియనప్పుడు 'బోర్డు డెడ్' అనేవాడు మీ షాపు పేరు పాడుచేస్తాడు.

కౌంటర్ మనిషికి పరీక్ష

మీరే కస్టమర్‌లా నటించి మూడు పాత్రలు వేయండి. బీటెక్ మెకానికల్‌లో చేరిన కొడుకుని తీసుకొచ్చిన తండ్రి, '60 వేలలో మంచిది' అంటాడు. డీటీపీ షాపు ఓనర్ పాత సిస్టమ్ పోయింది, కొత్తది కావాలంటాడు. రైస్ మిల్లు గుమాస్తాకి వేబ్రిడ్జి దగ్గర కంప్యూటర్ మార్చాలి.

బాక్సులు చూపించడం మొదలుపెట్టేముందు ఎన్ని ప్రశ్నలు అడిగాడో లెక్కపెట్టండి. మెకానికల్ కుర్రాడికి ఏ సాఫ్ట్‌వేర్లు వాడతారని అడిగి, యూ (కరెంటు తక్కువ వాడేది), హెచ్ (వేగం ఎక్కువది) ప్రాసెసర్ల తేడా చెప్పి, ఆ మోడల్‌లో ర్యామ్ స్లాట్ ఉందా లేక బోర్డుకే అతికించి ఉందా అన్నది స్పెక్ షీట్‌లో చూసి చెప్పాలి. ఒకే మోడల్ పేరు మీద నాలుగు రకాల కాన్ఫిగరేషన్లు వస్తాయి, పార్ట్ నంబర్ చూడకుండా గుర్తున్నది చెప్పేస్తే రేపు గొడవ. వారంటీ ఆన్‌సైటా, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలా అన్నది కూడా అడగకముందే చెప్పాలి. మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ వెళ్లి రావాలంటే ఒక రోజు పోతుంది కదా.

డీటీపీ ఆయన దగ్గర అను స్క్రిప్ట్ మేనేజర్ (తెలుగు టైపింగ్ ప్రోగ్రాం), పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే ప్రోగ్రాం) వాడుతున్నారా అని అడిగారా? పాత ఫైళ్లన్నీ అను ఫాంట్లలో ఉంటాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది, కొత్త మెషీన్‌లో వచ్చేది విండోస్ 11. ఆయన సాఫ్ట్‌వేర్ వెర్షన్ అందులో నడుస్తుందో లేదో అమ్మకముందే ఆయన కాపీతో వేసి చూడాలి. అమ్మాక చూస్తే వెనక్కి తీసుకోవాల్సిందే.

రైస్ మిల్లు సంగతి మీ ఊరికి ప్రత్యేకం. వేబ్రిడ్జి ఇండికేటర్ నుంచి బరువు సాధారణంగా ఆర్ఎస్-232 సీరియల్ కేబుల్ ద్వారా వస్తుంది, బిల్లు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద పడుతుంది. కొత్త సిస్టమ్‌లో ఆ కేబుల్ పెట్టే కామ్ పోర్టు చాలావరకు ఉండదు. యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే ఇంకో పోర్టులోకి మార్చినప్పుడల్లా కామ్ నంబర్ మారి బరువు రావడం ఆగిపోతుంది. సీరియల్ పోర్టు కార్డు వేయడమో, డివైస్ మేనేజర్‌లో కామ్ నంబర్ ఖాయం చేసి, బాడ్ రేట్ (డేటా వచ్చే వేగం) రాసి మానిటర్‌కి అతికించడమో చేయాలి. సీజన్‌లో లారీలు బారులు తీరి ఉండగా ఆగిపోతే ఫోన్ మీకే వస్తుంది. ఇది కౌంటర్ మనిషికి ముందే తెలిసి ఉండకపోవచ్చు. కానీ 'పాత సిస్టమ్ వెనక ఏ ఏ కేబుళ్లు ఉన్నాయో ఫొటో తీసి పంపండి' అని అడగాలన్న బుద్ధి పుట్టాలి. అలా అడిగినవాడికి మిగతాది నేర్పవచ్చు.

చేరాక మొదటి మూడు నెలలు

మొదటి నెల ఇన్‌వార్డ్ (రిపేరుకి వచ్చినవి నమోదు చేసుకోవడం), జాబ్ షీట్, దుమ్ము దులపడం, థర్మల్ పేస్ట్ మార్చడం, ఓఎస్ వేయడం. రెండో నెల ఎస్ఎస్‌డీ క్లోనింగ్, ర్యామ్, కీబోర్డు, స్క్రీన్. స్క్రీన్ ఆర్డర్ చేసేముందు పాతదాని వెనక మోడల్ నంబర్, 30 పిన్నా 40 పిన్నా అన్నది చూడటం అప్పుడే నేర్పండి. మూడో నెల ప్రింటర్లు, ఫీల్డ్ కాల్స్.

జాబ్ షీట్ మీద పట్టు పట్టండి. సీరియల్ నంబర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ సైజు, బ్యాటరీ, ఛార్జర్ ఇచ్చారా, ఆన్ అవుతోందా, గీతలు, పగుళ్లు, డేటా ముఖ్యమా, బిట్‌లాకర్ ఉందా. ఇవన్నీ రాసి కస్టమర్ సంతకం తీసుకోవాలి. 'నా ర్యామ్ మార్చేశారు' అన్న ఆరోపణ వచ్చినప్పుడు టెక్నీషియన్‌ని కాపాడేది ఆ కాగితమే. దాని మీద పట్టు లేని షాపులో నిజాయితీపరుడు ఎక్కువకాలం ఉండడు.

డేటా విషయంలో నియమం మొదటిరోజే చెప్పండి. బల్ల దగ్గర సొంత పెన్‌డ్రైవ్ ఉండకూడదు, కస్టమర్ ఫోల్డర్లు తెరవకూడదు. బ్యాకప్ షాపు డిస్కులోనే తీయాలి, డెలివరీ అయి 15 రోజులయ్యాక చెరిపేయాలి, ఆ సంగతి జాబ్ షీట్‌లో రాయాలి. బల్ల మీదికి కెమెరా పెట్టండి. ఒక్క అమ్మాయి ఫొటో బయటికి పోతే అది పోలీసు కేసు, షాపు మూత. ఇందులో రెండో అవకాశం ఇవ్వకూడదు.

ఎందుకు వెళ్లిపోతారు

మీ ముగ్గురూ ఎందుకు వెళ్లారో రాయలేదు. సాధారణంగా కారణాలు మూడు: జీతం తారీఖు దాటడం, కస్టమర్ ముందు తిట్టడం, నేర్చుకోవడానికి ఇక ఏమీ లేకపోవడం. మొదటి రెండూ మీ చేతిలోనివి. మూడోదానికి నెలకి రెండు తుక్కు బోర్డులు, కొంచెం సోల్డర్, ఫ్లక్స్ ఇచ్చి, వారంలో ఒక మధ్యాహ్నం వదిలేయండి.

ఇన్సెంటివ్ ఎలా పెడతారన్నది జాగ్రత్త. మార్చిన పార్టుల మీద ఇస్తే బాగున్న పార్టులూ మారుస్తారు. పూర్తిచేసిన జాబుల సంఖ్య మీద ఇస్తే అన్నిటికీ ఫార్మాటే మందవుతుంది. జాబ్ డెలివరీ అయ్యాక 30 రోజుల్లో అదే కంప్లెయింట్‌తో తిరిగి రాకపోతేనే ఇన్సెంటివ్ జమయ్యేలా పెట్టండి. ఓపికగా టెస్ట్ చేసినవాడికి డబ్బు కనిపిస్తుంది. కౌంటర్‌లో కూడా మార్జిన్ మీద కాకుండా, వెనక్కి రాని అమ్మకాల మీద ఇవ్వండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకండి, బాండ్ రాయించుకోకండి. మానేశాక అదే వ్యాపారం చేయకూడదన్న షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. భయపెట్టి ఆపిన మనిషి మనసుపెట్టి పని చేయడు. కస్టమర్లు పోకుండా ఉండాలంటే ఫీల్డ్ కాల్స్ అన్నీ షాపు నంబర్ నుంచే వెళ్లాలి, డబ్బు షాపు క్యూఆర్‌కే రావాలి, ప్రతి పనికీ షాపు బిల్లు ఉండాలి. అప్పుడు మనిషి మారినా కస్టమర్‌కి గుర్తుండేది షాపే.

ఇక మీ ఇద్దరి సంగతి. ఆరేళ్ల అనుభవం ఉన్నాయన్ని, ఐటీఐ కుర్రాడిని ఇద్దరినీ ఈ నాలుగు మెషీన్ల ముందు వేర్వేరు రోజుల్లో కూర్చోబెట్టండి. ఆరేళ్ల ఆయన హార్డ్ డిస్క్, బిట్‌లాకర్ రెండూ నెగ్గితే ఆయనే బల్లకి, జీతం బేరం ఆడకుండా ఇవ్వండి. ఆ రెండింటిలో తప్పితే ఆ ఆరేళ్లూ ఒకే ఏడాది ఆరుసార్లు చేసినట్టు, ఆ అలవాట్లు మాన్పించడం మీ వల్ల కాదు. కుర్రాడు డిస్‌ప్లే తెప్పించలేకపోయినా ఫరవాలేదు, ఒకసారికి ఒక్కటే మార్చాడా, కొలిచినవి రాసుకున్నాడా, తెలియనిది తెలియదన్నాడా అన్నవి చూడండి. ఆ మూడూ ఉంటే అతన్ని తీసుకుని, మొదటి మూడు నెలలు డేటా ఉన్న మెషీన్లు మీరు పక్కనుండగానే ముట్టుకునేలా, బోర్డు పనులు సికింద్రాబాద్ పంపేలా ఏర్పాటు చేసుకోండి. ఇద్దరూ నెగ్గితే, బడ్జెట్ ఒప్పుకుంటే ఇద్దరినీ తీసుకోండి. కుర్రాడిని ముందు ఇన్‌వార్డ్‌లో కూర్చోబెట్టండి. పరీక్ష ఫలితాలు ఇక్కడ రాస్తే, ఎవరికి ఏ పని అప్పగించాలో కలిసి చూద్దాం.